దొరబాబు మింగిన దుద్దు

"నోరు తెరువు నాయనా, ఒక్క చెంచా," అంటూ ఎలీసమ్మ కోడిపుంజును చంకలో ఇరికించుకుని, ఆముదం చెంచా దాని ముక్కు దగ్గర పెట్టింది. పుంజు మొహం తిప్పుకుంది. దాని పేరు దొరబాబు. పేరుకు తగ్గట్టే ఎవరి మాటా వినదు.

ఆమె భర్త జయరావు అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. రిటైరైన బడిపంతులు. రూపాయి ఖర్చు పెట్టాలంటే రెండు రోజులు ఆలోచించే మనిషని ఊళ్లో పేరు.

"మీరు సరిగ్గానే చూశారా అండీ?"

"చూడకపోవడమేంటి? నువ్వు తలంటుకోడానికి దుద్దులు తీసి ఇక్కడ పెట్టి వెళ్లావు. ఇదొచ్చి ఒకదాన్ని టక్కున మింగింది."

"అదిలించొచ్చుగా."

"అదిలించేలోపే లోపలికి పోయింది."

ఎలీసమ్మకు ఏడుపొక్కటే తక్కువ. ఆ రోజు చర్చిలో కోత పండుగ. సంఘంలో వాళ్లంతా మిరపకాయలో, గుమ్మడికాయలో, కోళ్లో తెచ్చి దేవుడికిస్తారు. ఆరాధన అయ్యాక పాస్టరు గారు వాటిని వేలంపాట పెడతారు. కిందటేడు మిరపతోటకు తామరపురుగు పట్టినప్పుడు, తోట బతికితే ఈ కోడిపిల్లను పండక్కి ఇస్తానని ఎలీసమ్మ ప్రార్థన చేసుకుంది. తోట బతికింది. కోడిపిల్ల పెరిగి దొరబాబైంది. ఆమె వెనకే తిరగడం, ఆమె కంచంలోనే తినడం మరిగింది. పండుగ దగ్గర పడేకొద్దీ ఆమెకు అన్నం సయించడం మానేసింది.

పోనీ తామే పాడుకుందామా అంటే, ఇచ్చిన ఇంటివాళ్లు పాడకూడదని సంఘం కట్టుబాటు. పైగా ఏటా కోడి ఏదొచ్చినా పాడేది సంఘంలోని బెన్నీయే. మధ్యాహ్నానికల్లా పలావు తయారు.

"ఆ ఆముదం పక్కన పెట్టు. మన శ్యామ్ సుందర్‌ని అడుగుదాం," అంటూ జయరావు ఫోన్ తీశాడు. శ్యామ్ సుందర్ ఆయన దగ్గర చదువుకున్నవాడే, ఇప్పుడు ఒంగోల్లో పశువుల డాక్టరు.

"ఆముదం పొయ్యొద్దమ్మా," అన్నాడు డాక్టరు స్పీకర్లో. "ఉప్పునీళ్లూ వద్దు. తలకిందులుగా పట్టుకుని ఊపడం అసలే వద్దు. మేత తింటుందా?"

"ఇందాకే నా ప్లేట్లో ఇడ్లీ లాక్కుంది బాబూ."

"అయితే కంగారు పడకండి. కోడికి కందనకాయలో రాళ్లుంటాయి, చిన్న వస్తువైతే ఒక్కోసారి అక్కడే ఉండిపోద్ది, లేదంటే రెట్టలో వచ్చేస్తది. విడిగా పెట్టి గమనించండి. మేత మానేసినా, మెడ వాల్చినా వెంటనే తీసుకురండి. అసలు ఓ ఎక్స్‌రే తీస్తే ఎక్కడుందో తేలిపోద్ది."

"ఎక్స్‌రేలూ అవీ ఏం వద్దులే," అని జయరావు ఫోన్ పెట్టేశాడు.

ఎలీసమ్మకు ఒళ్లు మండింది. "దాని ప్రాణం కన్నా డబ్బులెక్కువా మీకు?"

"దుద్దు కొన్నది నేను. అది దొరికితే చాలు నాకు."

అయినా ఆమె దేవుడికి ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. ఒంటి దుద్దు డబ్బాలో పెట్టేసి, పుంజును బుట్టలో కూర్చోబెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుని బయల్దేరింది.

చర్చిలో పాస్టరు క్రీస్తుదాసు గారు దొరబాబును ఎత్తి చూపించగానే బెన్నీ లేచి నిలబడ్డాడు. అతని వెనకే జయరావూ లేచాడు.

"పాడేవాళ్లకు ఒక మాట. పుంజు దేవుడిది. దాని కడుపులో మా ఆవిడ బంగారు దుద్దుంది. అది నాది."

బెన్నీ నవ్వాడు. "అదెంత పని మాస్టారూ. ఇప్పుడే కోసి మీ చేతిలో పెడతా."

"కోశాక లోపల లేదనుకో. అప్పుడు ఎవర్నడగాలి నేను?"

"అంటే, నేను కొట్టేశానంటారా?"

"నేననను. ఊరు అంటది. దుద్దు ఖరీదు మాత్రం నువ్వే కట్టాలి."

బెన్నీ మెల్లిగా కూర్చున్నాడు.

"పోనీ కొయ్యకుండా పెంచుకుంటే?" అని ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో అడిగారు.

"పెంచుకోండి. దుద్దు దొరికిందాకా రోజూ పొద్దున్నే మీ ఇంటికొచ్చి రెట్ట వెతుక్కుంటా."

చర్చంతా గొల్లుమంది. పాస్టరు గారు కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నారు. ఎలీసమ్మ సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. ముమ్మారు పిలిచినా ఎవరూ పాడలేదు.

"పాటలో పోనిది ఇచ్చినవాళ్లే తీసుకెళ్లాలమ్మా," అన్నారు పాస్టరు గారు.

"మరి నా మొక్కుబడి అయ్యగారూ?"

"నువ్వు మనస్ఫూర్తిగా తెచ్చి ఇచ్చావు. తీరిపోయింది."

ఎలీసమ్మ అందరి ముందూ దొరబాబును గుండెలకు హత్తుకుంది. జయరావు గొంతు సవరించుకుని, దాని బదులు ఒక బస్తా మిరపకాయలు రాసుకోమన్నాడు. ఆయన నోట అలాంటి మాట విని పాస్టరు గారు రెండోసారి అడిగి మరీ రాసుకున్నారు.

ఇంటికెళ్తుంటే బండి వెనక పుంజును ఒళ్లో పెట్టుకుని ఆమె దారంతా సాధించింది.

"ఒక్క దుద్దు కోసం నలుగురిలో పరువు తీశారు. రేపు దుద్దొస్తే మళ్లీ పాటకు పెడతానంటారేమో, నేనొప్పుకోను."

"ముందు రానీ, చూద్దాం."

తిడుతోందే గాని ఆమె గొంతు నిండా సంతోషమే. ఇంటికెళ్లగానే అన్నం వండుతానంది, బాగా ఆకలిగా ఉందంది. జయరావు చొక్కా జేబును ఓసారి తడిమి చూసుకున్నాడు.

దుద్దు భద్రంగానే ఉంది.