వెస్లీ కుడిచెయ్యి

"కుదరదండి," అన్నాడు రాజరత్నం, వచ్చినవాళ్ళు మంచం మీద కూర్చోకముందే.

గణపవరం దాటాక చేపల చెరువుల మధ్య అతని కాపలా పాక. కారు వచ్చే దారి లేక ఇద్దరూ గట్టు వెంట నడిచి వచ్చారు. ఫణికిరణ్ వాళ్ళ కుటుంబానిది తాడేపల్లిగూడెంలో కాలేజీ. ఈమధ్యే అతను కరస్పాండెంట్ అయ్యాడు. నరసింహమూర్తి ఆ కాలేజీలో బేస్‌బాల్ కోచ్. గూడెంలో ఆ ఆట పేరు మొదట పలికింది ఆయనే. ఇప్పటికీ చాలామంది దాన్ని క్రికెట్టే అనుకుంటారు.

"ముందు వినండి రాజరత్నం గారూ," అన్నాడు ఫణికిరణ్, బూట్ల బురద గడ్డికి రాస్తూ. "మీవాడు వెస్లీ మా టీమ్‌లో పిచ్చర్. బంతి విసిరేది వాడే. వాడు లేకపోతే టీమే లేదు. సోమవారం యూనివర్సిటీ పోటీలు. వాడేమో గ్రౌండ్‌కి రావడం మానేశాడు."

"నేనే మాన్పించానండి."

ఫణికిరణ్ కోచ్ వైపు చూశాడు. చెప్పాల్సింది కారులోనే చెప్పేశాడు. ఈసారి టీమ్ వెళ్ళకపోతే ఆ గ్రౌండ్‌లో బస్సులకి షెడ్డు వేస్తామని, ఆట లేనప్పుడు కోచ్‌ని ఉంచుకోలేమని నాన్నగారు అన్నారట. కటువుగా ఏమీ చెప్పలేదు. ఏసీ తగ్గించమంటారా అని అడిగినంత మెత్తగా చెప్పాడు.

"మీరు చెప్పండి మూర్తి గారూ. మీ మాటైతే వింటారు."

నరసింహమూర్తి గొంతు సవరించుకున్నాడు.

"వెస్లీది మామూలు చెయ్యి కాదండి. నీటికాకుల్ని తోలడానికి ఇదే గట్టు మీద నిలబడి మట్టిగడ్డలు విసురుతుంటే చూశాను. అవతలి గట్టున వాలినదాన్ని లేపాడు. ఇన్నేళ్ళలో అలాంటి చెయ్యి నాకు ఇంకోటి దొరకలేదు."

"ఆ చెయ్యి ఇప్పుడు తల దువ్వుకోడానికి కూడా లేవట్లేదండి. వాళ్ళమ్మ దువ్వుతోంది, మీసాలొచ్చినోడికి."

ఫణికిరణ్‌కి నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు. "భుజం సంగతి మేం చూసుకుంటాం. ఏలూరులో తెలిసిన డాక్టరుగారున్నారు. ఒక్క ఇంజక్షన్‌తో..."

"సూదేయించి ఆడిస్తారు. ఆడేశాక ఆ చెయ్యి ఇంక మీకెందుకండి?"

"స్పోర్ట్స్ కోటా ఉంది కదండీ," అన్నాడు నరసింహమూర్తి. "రేపు ఉద్యోగానికి..."

రాజరత్నం తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. చెరువు వైపు తిరిగి, తడుముకుంటూ, ఆగి ఆగి మాట్లాడాడు.

"మేష్టారూ, మీ దగ్గర ఆడినోళ్ళలో ఈ ఆటతో బాగుపడ్డోడి పేరు ఒక్కటి చెప్పండి. సూర్యనారాయణ మీ మొదటి కెప్టెనండి. పెంటపాడు రోడ్డులో పంక్చర్లు వేస్తున్నాడు. చరణ్‌తేజకి మోకాలు పోయింది. ఆపరేషన్ చేస్తే కాలేజీ నుంచి ఒక్కరూ చూడ్డానికి వెళ్ళలేదండి. మీరూ వెళ్ళలేదు."

అవతలి రొయ్యల చెరువులో ఏరేటర్ల చక్రాలు నీళ్ళని కొడుతున్నాయి. నరసింహమూర్తి మంచం నులక తాడు మీద వేలితో రాస్తున్నాడు.

"కోటా అంటారు. సర్టిఫికెట్ చూపిస్తే, ఇదేం ఆటయ్యా అని అడిగారంటండి ఆఫీసుల్లో. మీరైనా ఎక్కడాడారండి? సెలక్షన్‌కని వెళ్ళి, బెంచీ మీద కూర్చుని తిరిగొచ్చారు. మీరు ఆడలేకపోయింది పిల్లల చేత ఆడించుకుంటున్నారు. వాళ్ళ ఒళ్ళు అరిగిపోతే కొత్తోళ్ళొస్తారు. మీకు ఇంకో ఏడు గడుస్తుంది. అంతేనండి."

"పెద్దాయన్ని పట్టుకుని ఏంటండీ ఆ మాటలు?" అన్నాడు ఫణికిరణ్.

"అననివ్వండి," అన్నాడు నరసింహమూర్తి.

ఈ మాటలు ఆయనకి కొత్త కావు. పొద్దున్నే ఖాళీ గ్రౌండ్‌లో ఒక్కడూ సున్నంతో గీతలు వేసుకునేటప్పుడు లోపల్నుంచి వినపడేవి. లోపల ఉన్నంతకాలం అవి దాదాపు ఓదార్పులాగే ఉండేవి. తన తప్పు తనకి తెలుసు కదా అన్న ఓదార్పు. మరొకరి గొంతులో వాటికి ఇంత బరువుంటుందని ఊహించలేదు. ఎదురు చెప్పడానికి ఒక్క వాక్యం కోసం వెతికాడు. నిజంగానే వెతికాడు. దొరకలేదు.

"అయితే మీవాణ్ణి ఏం చేద్దామని? ఈ గట్ల మీద మేత సంచులు మోయిస్తారా?" అన్నాడు ఫణికిరణ్.

"మోస్తాడండి. ఎడం భుజంతో."

ఫణికిరణ్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"నాన్నగారికి ఏం చెప్పమంటారు మూర్తి గారూ?"

"జరిగిందే చెప్పండి."

"మీ ఉద్యోగం సంగతి నా చేతుల్లో లేదండి."

"తెలుసండి."

"అవునూ, మీ పాత ఆటగాళ్ళ సంగతులన్నీ ఈయనకెలా తెలుసు?"

"చిన్న ఊళ్ళు కదండీ."

ఫోన్ మోగింది. ఫణికిరణ్ దాన్ని చెవికి పెట్టుకుని, "లేదు నాన్నా, ఒప్పుకోలేదు... ఆ, షెడ్డు వాళ్ళకి చెప్పేయండి," అంటూ ముందుకి నడిచాడు.

నరసింహమూర్తి వంగి చెప్పులు వేసుకుంటున్నాడు. కాలు ఒక పట్టాన దూరడం లేదు. రాజరత్నం ఆయన మొహంలోకి చూడకుండా, గట్టు మలుపులో ఫణికిరణ్ మాటలు వినపడకుండా పోయేదాకా అలాగే నిలబడ్డాడు. అప్పుడు దగ్గరికొచ్చి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"మీరు ఫోన్‌లో చెప్పమన్నవన్నీ అన్నానాండి మేష్టారూ?"