తల దించుకునే పాప

"నేల చూపులు చూడకు. డాక్టరుగారి కళ్ళలోకి చూసి చెప్పు, నీ వయసెంత?" తల్లి పాప గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"ఆరు," అంది పాప, బల్ల కాలుతో.

"చూశారా మేడమ్? ఇదీ వరస." తల్లి నిట్టూర్చి కుర్చీలో వెనక్కి వాలింది.

డాక్టరు నవ్వింది. చిన్నపిల్లల మనసుల్ని పరీక్షించడం ఆవిడ పని. బల్ల కాళ్ళతో మాట్లాడేవాళ్ళని చాలామందినే చూసింది. పాప పక్కన అమ్మమ్మ కూర్చుని ఊలు అల్లుతోంది. అమ్మమ్మ రాకపోతే గడప దాటనని పాప మొండికేస్తే, ఆవిడనీ వెంటబెట్టుకు రావాల్సివచ్చింది.

"ఇంకా ఏమేం చేస్తుంది?" అడిగింది డాక్టరు.

"ఏం చెయ్యదని అడగండి. మిక్సీ వేస్తే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి ఆపేస్తుంది. పార్కుకి రోజూ ఒకే దారిలో వెళ్ళాలి. సందు మారిస్తే రోడ్డు మీదే కూలబడుతుంది. ఇంటికెవరైనా వస్తే అమ్మమ్మ చెయ్యి పట్టుకుని లోపలి గదిలో దూరిపోతుంది. మళ్ళీ మూడేళ్ళకే పేపరు చదివేసింది! ఆటిజం ఉన్న పిల్లలు మేధావులవుతారట కదా, నిజమేనా?"

"కొందరిలో రెండూ ఉంటాయి. ఆటిజం ఉన్నంతమాత్రాన మేధావి అవ్వాలని లేదు. తెలివి ఎక్కువున్నంతమాత్రాన ఆటిజం అనీ కాదు. బళ్ళో ఎలా ఉంటుంది?"

"మీ పిల్ల ఒట్టి వాగుడుకాయ అంటుంది టీచరు. అంతమంది పిల్లల్లో ఎవర్ని చూసి ఎవరనుకుంటోందో ఏమో!"

అమ్మమ్మ ఊలు సూదులు ఆపకుండానే అందుకుంది. "మా బుల్లి జడ్జిగారికి ఏమీ లేదండీ. ఇంట్లో తీర్పులన్నీ తనవే. నేను మ్యాపులు గీసే ఆఫీసులో చేసేదాన్ని. నిన్న ఒక నది వంపు గీసి చూపిస్తే, నీళ్ళు అలా తిరగవని వాదించి నా చేత చెరిపించింది. మొన్నటికి మొన్న..."

"అమ్మా! మనిషి ముఖం చూసి మాట్లాడు," అంది పాప తల్లి.

అమ్మమ్మ తలెత్తింది. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. మళ్ళీ అల్లికలో పడింది. కూతురి గదమాయింపుకి పెద్దావిడ నొచ్చుకుందేమోనని డాక్టరు జాలిపడింది.

"అంతే మేడమ్. నాతో ముక్తసరిగా రెండు ముక్కలు. దీనితో మాత్రం పొద్దస్తమానం కబుర్లే. అసలు లోపం ఈ పెంపకంలోనే ఉందని నా అనుమానం. మీరు ఆటిజం అని తేల్చారంటే, అమ్మని మా తమ్ముడింటికి పంపించేస్తాను. అక్కడైతే ఇంటినిండా జనం, ఎప్పుడూ సందడే. ఆవిడకీ కాలక్షేపం."

ఊలు సూదులు ఆగిపోయాయి. పాప కాళ్ళు ఊపడం మానేసింది.

"ఇది పెంపకం వల్ల వచ్చేది కాదమ్మా," అంది డాక్టరు.

"ఏమో మేడమ్. ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి అమ్మమ్మ పక్కన తల వంచుకుని కూర్చునుంటుంది. ఒక్కసారి ముఖం చూసి 'అమ్మా' అంటే చాలు నాకు." తల్లి పాప జుట్టు వెనక్కి సర్దింది.

డాక్టరు రంగుల చెక్కముక్కలు బల్ల మీద పోసి, ఒక బొమ్మ చూపించింది. "అచ్చం ఇలాగే పేర్చు, చూద్దాం."

పాప చేతులు చకచకా కదిలాయి. డాక్టరు కళ్ళద్దాలు సర్దుకునేలోగా పని పూర్తయిపోయింది. కానీ బొమ్మ తలకిందులుగా ఉంది.

"అయ్యో, తిరగేసింది!" అంది తల్లి.

"డాక్టరుగారి వైపు నుంచి చూడమ్మా. సరిగ్గానే ఉంటుంది," అంది పాప, తల ఎత్తకుండా.

నిజమే. డాక్టరుకి బొమ్మ తిన్నగానే కనిపిస్తోంది. ఆవిడ రాయడం ఆపేసింది. ఎదుటి మనిషికి ఎలా కనిపిస్తుందో కూడా ఆలోచించి పేర్చే పిల్లకి, ఎదుటి మనిషి ముఖమంటే పట్టకపోవడమేమిటి? ఇన్నేళ్ళ అనుభవంలో ఈ రెండూ ఇలా కలిసి రావడం ఆవిడ చూడలేదు. సంగతేమిటో తేలేదాకా కుదురుగా ఉండలేననిపించింది.

"మీరిద్దరూ కాసేపు బయట కూర్చుంటారా?"

"అది ఒక్కర్తీ ఉండదు మేడమ్," అంది తల్లి.

"ఉంటాను," అంది పాప. "అమ్మా, అమ్మమ్మని మూల కుర్చీలో కూర్చోబెట్టు. ఫ్యాను చప్పుడు లేని వైపు."

"పెద్ద ఆరిందాలా చెప్పొచ్చింది!" విసుక్కుంటూ తల్లి అమ్మమ్మని తీసుకుని బయటికి నడిచింది.

తలుపు మూసుకుంది.

పాప తలెత్తింది. డాక్టరు కళ్ళలోకి సూటిగా చూసింది. ఆ చూపులో బెరుకు లేదు, తడబాటు లేదు.

"మీ కళ్ళద్దాలకి మరకుంది. ఎడంవైపు," అంది.

డాక్టరు తెల్లబోయింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటుంటే పాప ఆవిడ ముఖంలోకే చూస్తూ అడిగింది.

"అమ్మమ్మని నిజంగా మామయ్య ఇంటికి పంపించేస్తారా?"

"నీ గురించి మీ అమ్మ దిగులు పడుతోంది, అందుకు. ఇంత చక్కగా చూస్తున్నావు, మాట్లాడుతున్నావు! మరి ఇంతసేపూ తల ఎందుకు దించుకున్నావమ్మా?"

మూసి ఉన్న తలుపు వైపు పాప ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"అమ్మమ్మకి ఎవరి ముఖమైనా చూస్తే మాట రాదు. నేను దించుకుంటే అందరూ నన్నే చూస్తారు, అమ్మమ్మని చూడరు."