సవతికి చోటు

“సవతికి ఇల్లు కడుతున్న ఆడదాన్ని ఇదే చూడటం, వదినా. అదీ పడగ్గది కిటికీ కింద.”

ఆడపడుచు పలుగు పట్టుకుని దారికడ్డంగా నిలబడింది. ఆవిడ ఒళ్ళు మండడంలో న్యాయం లేకపోలేదు. పెరట్లో గేటు పక్కన చదునైన జాగా ఖాళీగా పడి ఉంది. అక్కడైతే గడ్డి చెక్కి, నాలుగు తట్టల కంకర పోస్తే పనైపోతుంది. వదిన టైలరమ్మ దాన్ని వదిలేసి ఏటవాలు నేలని పట్టుకుంది. ఎప్పుడో కొట్టేసిన చెట్టు వేళ్ళు పెకలిస్తోంది. విడిభాగాలుగా వచ్చిన లాయం వరండా నిండా పరుచుకుని ఉంది. ఇనప స్తంభాలు, రేకులు, బోల్టుల సంచి. బిగించుకోవడం కొన్నవాళ్ళ పనే. కూడా వచ్చిన కాగితంలో మొదటి బొమ్మ సాపు చేసిన నేల. ఆ నేలని మాత్రం పెట్టెలో పెట్టి పంపలేదు.

“గేటు దగ్గర కడితే దానికి మంచం కనబడదు,” అని టైలరమ్మ పలుగు లాక్కుంది.

అసలు గొడవంతా అదే. టైలరమ్మ మొగుడు సాకే పందెపు ఆడగుర్రానికి రాత్రిపూట తన మనిషి కనబడకపోతే నిద్ర రాదు. తెల్లార్లూ నిలబడే ఉండి పొద్దున్న పందెంలో కాళ్ళీడుస్తుంది. అందుకని దాని యజమాని అతనికి తన లాయంలోనే పరుపు వేయించాడు. గుర్రం నిద్రకి ఖరీదుంది. టైలరమ్మ నిద్రకేముంది, ఆవిడేమన్నా పరిగెత్తి గెలుస్తుందా? మొగుడు మధ్యాహ్నం చుట్టంలా వచ్చి, తిని, గడియారం చూసుకుంటూ వెళ్ళిపోయేవాడు.

ఇప్పుడు గుర్రం ముసలిదైంది. లాయం ఉన్నవాళ్ళకి ఉత్తినే ఇచ్చేస్తానన్నాడు యజమాని. మొగుడు ఫోను చేసి చెప్పాడు, అయ్యగారు ఒప్పుకున్నారు, ఆదివారం పంపించేస్తానన్నారు అని. ఆ మాట విన్నప్పటినుంచి టైలరమ్మ మిషను తొక్కలేదు.

“ఎవర్ని పంపిస్తాడట? గుర్రాన్నా, మా అన్నయ్యనా?” అంది ఆడపడుచు.

“వాళ్ళని విడివిడిగా ఎప్పుడైనా చూశావా?”

ఆడపడుచు గొణుక్కుంటూనే కొంగు దోపి తట్ట అందుకుంది.

మిట్టగా ఉన్న వైపు తవ్వి పల్లం వైపు పోశారు. గొట్టంలో నీళ్ళు నింపి మట్టం చూశారు. మరీ అద్దంలా ఉన్నా కుదరదు, కడిగిన నీళ్ళు పోవడానికి కాలవ వైపు పిసరంత వాటం ఉండాలి. టైలరమ్మ అలవాటు కొద్దీ, కుట్టుకి గుడ్డ వదిలినట్టు, నాలుగు వైపులా నేల కాస్త ఎక్కువే వదిలింది. బొమ్మలో లేదుగా అని ఆడపడుచు అంటే, తర్వాత బిగుతైతే విప్పుకోడానికి ఉంటుంది అంది. కంకర పరిచి, పైన రాతిపొడి చల్లి, తడిపి, దిమ్మిసతో కొట్టారు. చేతులు బొబ్బలెక్కాయి. ఆడపడుచు ప్రతి దెబ్బకీ సవతి పేరు చెప్పి ఒక తిట్టు తిట్టింది.

“ఇంతకీ అన్నయ్యొస్తే ఏం చేస్తావు?” అని అడిగింది మధ్యలో, నవ్వకుండా.

టైలరమ్మ దిమ్మిస మీద గడ్డం ఆనించి కిటికీ వైపు చూసింది. “ఏమీ చెయ్యను. రాత్రి దాహమేసి లేస్తాడు కదా, అప్పుడు చెంబు చప్పుడవుతుంది. అది వినాలి.”

“మా అన్నయ్య గురక పెడతాడు, మర్చిపోయావా?”

“మర్చిపోయాను. అదే బాధ.”

ఆ తర్వాత ఆడపడుచు తిట్లు మానేసింది. దిమ్మిస మాత్రం ఇంకా గట్టిగా కొట్టింది.

ఆదివారం లారీ వచ్చేసరికి లాయం నిలబడింది. మంచం మీద రెండో దిండు కూడా చేరింది. డ్రైవరు దిగుతూనే ముందు చుట్టిన పరుపొకటి కింద పడేశాడు. దాని గలీబు చూడగానే టైలరమ్మ గుర్తుపట్టింది. తను కుట్టిందే. మనిషికంటే ముందు పరుపు దిగిందంటే ఇంకేం కావాలి. దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని లోపలికి పరిగెత్తి, కిటికీ పక్క మంచం మీద పరిచింది. పరుపు నిండా ఆయన వాసన. గుర్రం వాసన కూడా.

బయట డెక్కల చప్పుడైంది. నేల ఎక్కడా కుంగలేదు. ముసలి గుర్రం తిన్నగా లాయంలోకి నడిచి, కిటికీలోంచి తల లోపలికి చాచింది. పరుపుని ఈ చివరనుంచి ఆ చివరదాకా వాసన చూసింది. ఎవరూ దొరకలేదు. టైలరమ్మ ముఖంలోకి చూసింది.

“వస్తాడే, వస్తాడు,” అని దాని నుదురు నిమిరి, జుట్టు సర్దుకుని బయటికొచ్చింది. లారీ ముందు సీటు ఖాళీగా ఉంది. ఆయన వెనక వేరే బండిలో వస్తున్నారా అని డ్రైవర్ని అడిగింది.

“ఆయన రావడమేంటమ్మా? అయ్యగారు కొత్త పిల్లని తెచ్చారు.”

“ఏ పిల్లని?” ఆడపడుచు గేటు దగ్గర్నుంచి గద్దించింది.

“గుర్రప్పిల్లనండీ. దానికి కూడా రాత్రి పక్కన మనిషి ఉండాలట. మీవారికి అక్కడ కొత్త పరుపు కొనిచ్చారు.” డ్రైవరు కిటికీలోంచి మంచం వైపు తొంగిచూసి నాలిక కరుచుకున్నాడు. “అయ్యో, ఆ పాతది లోపలెందుకు వేశారమ్మా, మీరు లాయంలో దీని పక్కన పడుకోడానికి పంపారు.”