సూట్‌లో లేని టెస్టు

ఇనపరాడ్డు మొదటి దెబ్బ మేనేజరు భుజం మీద పడింది. రెండో దెబ్బకి మానిటర్ పగిలి బల్ల కిందికి జారింది. మేనేజరు గోడవారగా కూలబడ్డాడు. లోపలికి రాగానే వెల్డర్ తలుపు గడియ పెట్టేశాడు.

"మా తమ్ముడి చెయ్యి ప్రెస్సు కింద నుజ్జయిపోయింది" అన్నాడు వెల్డర్ రొప్పుతూ. "చెయ్యి లోపలుంటే మిషను ఆగాలి. ఆగలేదు. దాన్ని నడిపే ప్రోగ్రాం ఈ గదిలోనే రాశారంట. ఎవరు చూశారు దాన్ని?"

"అన్ని టెస్టులూ పాసయ్యాయి బాబూ" అన్నాడు మేనేజరు.

రాడ్డు మళ్లీ లేచింది.

"ఆగన్నా, నేను చెబుతాను" అంది టెస్టర్. పదకొండేళ్లుగా ఆ గదిలో ప్రోగ్రాంలు పరీక్షిస్తున్న మనిషి. లేచి నిలబడింది. "మిషను చేసే ఒక్కో పనికీ ఒక్కో చిన్న టెస్టు ఉంటుంది. వాటన్నిటినీ ఒక సూట్‌గా కట్టి రోజూ నడుపుతాం. చెయ్యి అడ్డమొస్తే ఆగుతుందా అని చూసే టెస్టు కూడా ఉంది. దాన్ని సూట్‌లోంచి తీసేశారు."

"ఎందుకు?"

"అదొక్కటే గంటసేపు నడుస్తుంది. ఇంటికెళ్లడం ఆలస్యమవుతోందని."

"తీసేస్తే?"

"ఇంక దాన్ని ఎవరూ నడపరు. ఉన్నా లేనట్టే."

వెల్డర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎవడు తీశాడు?"

ఆమె తన లాప్‌టాప్‌లో మార్పుల చిట్టా తెరిచి అతనివైపు తిప్పింది. ఎవరు ఏ రోజు ఏది మార్చారో అందులో ఉంటుంది.

"ఈ ఇంగ్లీషు అక్షరాలు నాకు రావు. పేరు చదువమ్మా."

ఆమె గోడవైపు ఒక్కసారి చూసి, మేనేజరు పేరు చెప్పింది.

"అబద్ధం. నేను దాని జోలికే పోలేదు..."

మాట పూర్తికాలేదు. నేలకి ఆనించిన ఆయన కుడిచేతి మీద రాడ్డు పడింది. ఎముకలు విరిగిన చప్పుడు గదంతా వినిపించింది. మళ్లీ పడింది. మళ్లీ. కాపలావాళ్లు తలుపు బద్దలుకొట్టి వచ్చేసరికి గోడ మీదంతా నెత్తురు.

వెల్డర్‌ని పెడరెక్కలు విరిచి ఈడ్చుకెళ్లారు. గుమ్మం దగ్గర అతను వెనక్కి తిరిగాడు. "నువ్వొక్కదానివే నిజం చెప్పావు చెల్లీ."

స్పృహలేని మేనేజరుని స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. గది ఖాళీ అయింది. ఆమె కుర్చీలో కూలబడి, లాప్‌టాప్‌ని తనవైపు తిప్పుకుంది.

చిట్టాలో ఉన్నది ఆమె పేరే.