ఆదివారం చప్పుడు

మొజంజాహీ మార్కెట్ చౌరస్తా నడిబొడ్డున అంబాసిడర్ ఆగిపోయింది.

వెనక హారన్లు మోగుతుంటే ఆశీష్‌కు తల కొట్టేసినట్టయింది. నెలాఖరున చెల్లెలు యూనీస్ పెళ్లి. చనిపోయిన డాడీ కారులోనే చర్చికి వెళ్తానని ఆ పిల్ల పట్టు పట్టింది. పెళ్లికూతురు బండి దారిలో ఇలా మొరాయిస్తే ఇంకేమన్నా ఉందా!

నలుగురి చేత తోయించి, ఎలాగో స్టార్టు చేసి, నాంపల్లి సందుల్లోంచి శ్రీహరి షెడ్డుకు చేర్చాడు.

"ఇంజన్‌కు బోరింగ్ చేపిస్తే ఇదే నడుస్తది సార్," అన్నాడు మెకానిక్ శ్రీహరి.

వద్దన్నాడు ఆశీష్. ఇంజనూ గేర్‌బాక్సూ మొత్తం దించేసి కొత్త రకం వేయమన్నాడు. ఆశ్చర్యపరుద్దామని అమ్మకూ చెల్లెలికీ చెప్పలేదు.

ఆ ముసలి ఇంజనంటే డాడీకి ఎంత పిచ్చో! ఆదివారం ఆరాధన కాగానే తిన్నగా ఇంటికి రాకుండా, ఈ చుట్టుపక్కలే ఒక సందులో కారు ఆపేవాడు. కారు ఆపేవాడే గానీ ఇంజన్ ఆపేవాడు కాదు. వెనక సీట్లో పిల్లలు ఆకలని గోల పెట్టినా సరే, కాసేపు దాన్ని గుర్రుమనిపించి గానీ కదిలేవాడు కాదు. పెట్రోలు తగలేయడమంటే ఇదేనని ఆశీష్ విసుక్కునేవాడు.

శ్రీహరి పానా అందుకోబోతుండగా, గోడ పట్టుకుని ఒక ముసలామె వచ్చింది. చూపు ఆనడం లేదు కాబోలు, తడుముకుంటూ వచ్చి బానెట్ మీద అరచెయ్యి పెట్టింది.

"శానా రోజులకొచ్చినవ్ సారూ," అంది.

ఎవరో అనుకుంటున్నావమ్మా, పక్కకు జరగమన్నాడు ఆశీష్.

"జర చాలూ చెయ్యి బిడ్డా. ఇని పోత."

మతి చలించిన మనిషి అనుకున్నాడు. అసలే చిరాకులో ఉన్నాడు.

"ఈ ఇంజన్ తీసేస్తున్నాం. ఇంక స్టార్ట్ చేసేదేం లేదు," అని, బ్యాటరీ ఊడదీయమని శ్రీహరికి సైగ చేశాడు.

ఆమె బానెట్ చల్లబడేదాకా అలాగే చెయ్యి ఆనించి నిలబడి, మళ్లీ గోడ పట్టుకునే వెళ్లిపోయింది.

పెళ్లి దగ్గర పడ్డాక కారు తయారై వచ్చింది. నీళ్ల మీద పడవలా పోతోంది. అమ్మ జ్ఞానమణిని ఎక్కించుకుని, అబిడ్స్‌లో పూలవాడికి అలంకరణ సంగతి చెప్పి తిరిగి వస్తున్నాడు.

"చప్పుడేదిరా?" అంది అమ్మ ఉన్నట్టుండి.

ఇంజన్ మార్పించానని గొప్పగా చెప్పాడు.

ఆవిడ ముఖం పాలిపోయింది. పాతది ఏమైందని అడిగింది. దాన్ని ఎప్పుడో విప్పేశారని, హెడ్డు ఒకరికీ క్రాంకు ఒకరికీ పోగా మిగిలింది తుక్కులో కలిసిందని చెప్పాడు.

అమ్మ నాంపల్లి వైపు తిప్పమంది. డాడీ ఆపే సందులోనే, ఆయన ఆపే చోటే ఆపమంది.

గడపలో ఆ ముసలామె కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కారు ఆమె ఎదురుగానే ఉంది. ఆమె తల ఎత్తలేదు. ఆశీష్ ఇంకాస్త యాక్సిలరేటర్ తొక్కాడు. అయినా ఎత్తలేదు.

ఇంజన్ ఆపి అమ్మ వైపు తిరిగాడు.

"ఎవరమ్మా ఈమె?"

"టాక్సీ బాలకిషన్ తల్లిరా," అంది జ్ఞానమణి, కొంగుతో కళ్లొత్తుకుంటూ. "ఆ అబ్బాయి యాక్సిడెంట్‌లో పోయాక, అతని బండి ఇంజనే మీ డాడీ మన కారులో వేయించారు. కొడుకు ఇంటికొచ్చే చప్పుడని, ప్రతి ఆదివారం ఈమెకు వినిపించి వచ్చేవారు."