జోడి కళ్లద్దాలు

"యాదక్క పోతున్నదే. ఎర్రచీర గట్టింది, మంచిగున్నది," అన్నాడు ఐలన్న, గడప మీద కూర్చుని.

మల్లక్క చూసింది. యాదక్క కట్టింది ఆకుపచ్చ చీర.

నోటిదాకా వచ్చిన మాటను మల్లక్క మింగేసింది. ఆపరేషన్ అయిన కంట్లో మసక నెలనెలా పలచబడుతూ వచ్చి, ఆ పొద్దున లేచేసరికి అన్నీ తేటగా కనిపించాయి. ఆ ముచ్చట చెప్పి మొగుణ్ణి అదరగొడదామనే బయటికి వచ్చింది. ఇంతలో ఈ అబద్ధం!

"సప్పుడు జేస్తలేవేంది? ఇంకా మసకనేనా?"

"మసకనే," అంది మల్లక్క.

ఇన్నేళ్లూ సిరొంచ బజారులో ఏం జరిగినా ఆయన నోటితోనే చూసింది. చీర రంగుకే అబద్ధమాడేవాడు ఇంకెన్ని ఆడాడో!

"బజారుకు పోయొస్త," అంటూ ఐలన్న లేచాడు.

"ఎట్ల పోతవ్?"

"సైకిల్ మీదనే. రోజూ ఎట్ల పోతున్న?"

ఆయన పోగానే ఆమె పెరట్లోకి వెళ్లింది. సైకిల్ గోడకే ఆని ఉంది. టైర్లలో గాలి లేదు. చక్రం పుల్లల మధ్య సాలీడు గూడు కట్టింది.

మల్లక్క గబగబా దడి దగ్గరికి వచ్చి తొంగిచూసింది. మలుపులో కిరాణం చిన్నక్క నిలబడి ఉంది. మొగుడు పోయిన మనిషి. ఐలన్న రాగానే చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ చేతిలో చెయ్యేసుకుని మెల్లగా నడుచుకుంటూ పోయారు. పట్టపగలు!

ఇప్పుడొక్కొక్కటీ గుర్తొచ్చింది. ఎవరో దానం చేసిన కంటిపొర సీసాలో మందునీళ్లలో భద్రంగా ఉందని, ఒక్కటే వచ్చిందని, ఆలస్యమైతే పాడవుతుందని ఆస్పత్రి నుంచి ఫోనొచ్చిన రోజు, "నువ్వే నడువ్" అని ఐలన్న బస్సెక్కించి తనూ ఎక్కాడు. ప్రాణహిత వంతెన దాటి వరంగల్ దాకా చిన్నక్క కూడా తోడొచ్చింది. మొగుడుండగా చిన్నక్క ఎందుకో అప్పుడు తట్టలేదు.

కట్టు విప్పిన రోజు డాక్టరు అడిగాడు: "నల్లగుడ్డు మీది పొర ఇలా తెల్లబారడం దగ్గరి పెళ్లిళ్లయిన ఇళ్లలో ఎక్కువ. మీది మేనరికమా?"

"అవు సార్, మా మేనత్త బిడ్డె."

"ఇంట్లో ఇంకెవరికైనా..."

"ఎవ్వలకు లేదు సార్." మాట పూర్తికాకుండానే ఐలన్న తెంపేశాడు. ఎక్కడికి పోవాలని అంత తొందర?

ఆ రోజు ఆమెకు నల్లద్దాలు ఇచ్చారు. ఐలన్న అప్పటికే ఒక జత కొని పెట్టుకున్నాడు. "నీకు జోడిగుండాలె గదనే," అన్నాడు. ఆమె పడీపడీ నవ్వింది. ముసలితనంలో ఈ సోకు ఎవరి కోసమో ఇవాళ తెలిసింది.

ఎండెక్కాక దడి అవతల గుసగుసలు వినిపించాయి.

"మల్లక్కకు ఎప్పుడు చెప్తవ్ ఐలన్నా? ఇంకెన్ని దినాలు దాస్తం?" చిన్నక్క గొంతు.

"దాని కన్ను జర కుదుటపడనీ. ఇప్పుడు చెప్తే ఏడుస్తది. ఏడిస్తే కన్ను ఖరాబైతది."

"ఎవలన్న చూసి చెప్తే?"

"అందుకే జర పైలంగుండు."

మల్లక్క లోపలికెళ్లి నాలుగు చీరలు మూటకట్టింది. ములచేరలో చెల్లెలుంది. గంజో గటకో ఆమె ఇంట్లోనే తాగుతుంది కానీ, ఈ మనిషి ముఖం మళ్లీ చూడదు. కన్ను వచ్చింది ఇది చూడ్డానికా!

బయట ఐలన్న అరుగు మీద ఎండలో కూర్చున్నాడు. నల్లద్దాలు తీసి పక్కన పెట్టి, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు. ఆమె మూటతో వెళ్లి సరిగ్గా ఆయన ఎదురుగా నిలబడింది. నోరు విప్పలేదు. ఎక్కడికని ఆయనే అడగాలి. అడిగితే కడిగెయ్యాలి.

ఐలన్న తలెత్తాడు. మూరెడు దూరంలో ఉన్న ఆమె ముఖంలోకి సూటిగా చూసి, చల్లగా నవ్వాడు.

"మళ్లొచ్చినవా చిన్నక్కా? మెల్లగ మాట్లాడు, అది లోపలనే ఉన్నది."

మూట చేతిలోంచి జారిపోయింది. మల్లక్క ఆయన ముందు గొంతుక్కూర్చుని, ఎన్నేళ్ల తర్వాతో ఆ కళ్లలోకి చూసింది.

"బావా, నీకు కనిపియ్యక ఎన్నేండ్లాయె?"