నాలుగో జవాబు

కర్ర ఈసారి మోచేతి మీద పడింది. ఓదెమ్మ చేతిలోని పళ్లెం ఎగిరి గోడకు కొట్టుకుంది. అన్నం చల్లారిందట. అదీ నేరమే.

మొగుడు భూపతి మళ్లీ కొట్టాడు. తాను నడిపే సాంచా నుంచి, ఆ మరమగ్గం నుంచి ఊడదీసి తెచ్చుకున్న గట్టి కర్ర అది. శాంతి నగర్ గల్లీలో అన్ని సాంచాలు ఒక్కసారే మోగుతుంటే, ఏ ఆడది గొంతు చించుకున్నా పక్కనున్న ఒంటిగది ఖోలీకి వినపడదు.

కొట్టీ కొట్టీ తన చెయ్యి నొప్పి పుట్టాక వాడు పనికి పోయాడు. కూతురు లత తల్లి చేతికి పసుపు రాసి, పుస్తకం తెరిచింది. నాలుగో తరగతి స్కాలర్‌షిప్ పరీక్ష దగ్గరికొచ్చింది. ప్యాసైతేనే బడి, లేకపోతే కండెలు చుట్టే పని. తండ్రి ఎప్పుడో తేల్చేశాడు.

బతుకుదెరువుకు వలసొచ్చిన ఈ ఊళ్లో బడి మరాఠీది, పుస్తకమూ మరాఠీలోనే ఉంది. ఓదెమ్మకు తెలుగు అక్షరాలే రావు. అందుకని లత పేరా చదివి తెలుగులో చెప్పేది. జవాబు ఇద్దరూ కలిసి వెతికేవాళ్లు.

"అమ్మా, ఇను. ఒకాయన పెండ్లాన్ని రోజు కర్రతోని కొడుతడు. ఆమె ఏం జెయ్యాలె? ఒకటి, ఓర్సుకోవాలె. రెండు, ఏడ్వాలె. మూడు, దేవునికి మొక్కాలె. నాలుగు, కర్ర గుంజుకొని తిరిగి కొట్టాలె."

"ఒకటి పెట్టు బిడ్డా."

"గలత్."

"అయితే మూడు."

"గది గూడ గలతే. నాలుగు."

ఓదెమ్మ బిత్తరపోయింది. "ఏందే? సర్కారు పుస్తకంల గట్ల రాసిండ్రా?"

"ఎనుక జవాబుల పేజీల ఉన్నది సూడు."

ఓదెమ్మ చూసింది. అర్థం కాని ఆ అక్షరాలను వేలితో తడిమింది. పుట్టింటివాళ్లు, కులపెద్దలు, ఇరుగుపొరుగు అందరూ ఇన్నేళ్లూ ఒకటో జవాబే చెప్పారు. సర్కారే అచ్చు వేయించాక ఇంకెవరి మాట వినాలి?

మర్నాడు కూరలో ఉప్పు తక్కువైంది. భూపతి కర్ర ఎత్తాడు.

ఓదెమ్మ దాన్ని గాల్లోనే పట్టుకుంది. ఒక్క గుంజు గుంజింది. మొదటి దెబ్బ వాడి మణికట్టు మీద పడింది. రెండోది మోకాలి మీద. ఎముక పటుక్కుమంది. వాడు కూలబడ్డాక కూడా ఆమె ఆగలేదు. వీపు మీద, భుజాల మీద, కొట్టినచోటే మళ్లీ కొట్టింది. పెదవి చిట్లి వాడి చొక్కా తడిసింది.

"ఎవడు నేర్పిండే నీకు?" అని మూలిగాడు భూపతి.

"సర్కారు!" అంది ఓదెమ్మ. కర్ర దించలేదు. "ఇంకోపారి చెయ్యి లేసిందనుకో, ఇరగ్గొడత."

వాడు గోడ వైపు పాక్కుంటూ పోయాడు. ఓదెమ్మ వాడి మీంచి చూపు తిప్పకుండానే కూతురితో అంది. "బిడ్డా, పరీక్షల గదే వస్తే నాలుగే పెట్టు. మర్సిపోకు."

లత సరేనని తలూపింది కానీ, ముందు రోజు తను చదివి చెప్పిన ఆ పేజీలో నిజానికి ఉన్నది తేనెటీగల పేరా, అడిగింది వాటికి కాళ్లెన్ని అని.